ఎర్ర సిరా పద్దులు

సికింద్రాబాదు పద్మారావునగరంలో నివసించే ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి ఇంట పాత టేకు బీరువా ఒకటి ఉన్నది. పై అరలలో భార్య పట్టుచీరలు, ఇంటి దస్తావేజులు, పింఛను కాగితాలు. అట్టడుగు అరలో మాత్రం ఇంట్లో మరెవరూ ముట్టని లెక్కల పుస్తకాలు వరుసగా పేర్చి ఉంటాయి. రంజీ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు జట్టు ఆడిన ప్రతి ఆటకూ వాటిలో ఒక పుట. గెలిచిన ఆటను నల్ల సిరాతోను, ఫలితం తేలని ఆటను నీలి సిరాతోను, ఓడిన ఆటను ఎర్ర సిరాతోను ఎక్కించడం ఆయన తమ ఇరవై ఆరో ఏట పెట్టుకున్న నియమం. కచేరీలో ఎర్ర సిరా తనిఖీ అధికారి సొత్తు. గుమాస్తా దానిని ముట్టరాదు. ఇంటి దగ్గర ఆ అధికారాన్ని ఆయన ఎవరి ఉత్తర్వూ లేకుండానే చేపట్టారు.

2022-23 సంవత్సరపు పుస్తకంలో ఏడు ఆటలు మాత్రమే ఎక్కాయి. ఒకటి నీలం, తక్కిన ఆరూ ఎరుపు. ఆ శీతకాలమంతా నల్ల సిరా సీసా మూత తీయవలసిన అవసరమే రాలేదు. ఏడు ఆటలకు కలిపి జట్టు సంపాదించిన పాయింటు ఒక్కటి. ఎనిమిది జట్ల వర్గంలో అట్టడుగున నిలిచి, ఎలైట్ శ్రేణి నుండి ప్లేట్ శ్రేణికి దిగజారింది. బడి భాషలో చెప్పాలంటే తరగతి తప్పింది.

ఎవరికి పట్టింది ఈ సంగతి? లక్షల జనాభా గల మహానగరంలో ఆ వార్త చదివి ఆ పూట అన్నం సహించనివారు ఎందరుంటారు? రంజీ ఆటకు ఉప్పల్ మైదానంలో కనిపించే జనం వేళ్ళమీద లెక్కింపదగినవారు. వేసవిలో అదే మైదానం రాత్రి దీపాల వెలుగులో నారింజరంగు చొక్కాలతో కిటకిటలాడుతుంది. ఆయన మనుమడు, పన్నెండేళ్ళవాడు, ఆ వేసవి ఆటల భక్తుడు. ఒకనాడు వాడు అమాయకంగానే అడిగాడు: "తాతయ్యా, మీ టీం చొక్కా ఏ షాపులో దొరుకుతుంది?" దొరకదని చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ జట్టు దేనినీ అమ్మదని, అభిమానికి అది ఇవ్వగలిగింది నొప్పి ఒక్కటేనని ఆ వయసువాడికి వివరించడం కష్టం.

ఆయన అభిమానం ఎంత పాతదో తెలియాలంటే ఆ జట్టు ఎంత పాతదో తెలియాలి. రంజీ ట్రోఫీ మొదలైన 1934-35 నాడే హైదరాబాదు జట్టు బరిలో ఉంది. అప్పుడది నిజాము సంస్థానం. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1956లో హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2014లో తెలంగాణ విడివడింది. పాలకులు మారారు, సరిహద్దులు మారాయి, కచేరీల మీది నామఫలకాలు మారాయి. జట్టు పేరు మాత్రం హైదరాబాదే. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953లో రంజీ బరిలో దిగిన ఆంధ్ర జట్టు కూడా అలాగే నిలిచింది. ఆ విధంగా 58 సంవత్సరాలపాటు ఒకే రాష్ట్రానికి రెండు జట్లుండేవి. గుజరాతు రాష్ట్రం నుండి గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర, మహారాష్ట్ర నుండి ముంబయి, మహారాష్ట్ర, విదర్భ ఈనాటికీ వేరువేరుగా ఆడుతున్నాయి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం చెరిపిన గీతలు కొన్ని క్రికెట్ మైదానంలో చెరగకుండా మిగిలాయి. హోల్కరు, నవానగరు జట్లు కాలగర్భంలో కలిసినా, ఆ తరంలో పుట్టిన హైదరాబాదు ఇంకా బతికి ఉన్నది. ఆ బతికి ఉండటమే దాని గొప్ప అని ఎవరైనా అంటే ఖజానా ఉద్యోగి ఒప్పుకోరు. బతికి ఉన్నది ఆడటానికి, ఆడుతున్నది గెలవటానికి అన్నది ఆయన పట్టు.

అయితే గెలిచిన సందర్భాలు ఎన్ని? తొంభయ్యేళ్ళ చరిత్రలో ట్రోఫీ రెండుసార్లు వచ్చింది. 1937-38 అంతిమ పోటీలో నవానగరు మీద ఎదల్జీ ఐబరా అజేయంగా 137 పరుగులు చేయగా ఒక్క వికెట్టు తేడాతో గెలిచిన ఘట్టం ఆయన పుట్టకముందుది. తండ్రి నోట విన్నది. రెండవది 1986-87. ఢిల్లీలో ఢిల్లీ జట్టు మీదనే, ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో, తొలి ఇన్నింగ్సు ఆధిక్యంతో వచ్చిన విజయం. ఆ పుటను ఆయన నల్ల సిరాతో రెండుసార్లు దిద్దారు. మొదటిసారి చేయి వణికిందట.

అంతిమ పోటీలో ఓడినవి మూడు: 1942-43లో బరోడా చేతిలో, 1964-65లో బొంబాయి చేతిలో, 1999-2000లో మళ్ళీ ముంబయి చేతిలో. ఈ మూడవ ఓటమి గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడరు. ఆ సంవత్సరం లక్ష్మణ్ ఒక్కడే 1415 పరుగులు చేశాడు. రంజీ చరిత్రలో ఒక సీజనుకు అంతకుముందు ఎవరూ అన్ని చేయలేదు. అన్ని పరుగులు చేసినవాడు ఉండి కూడా ట్రోఫీ రాలేదు.

నిజానికి ఆయన నిరాశకు బీజం అంతకంటె ముందే పడింది. పద్నాలుగేళ్ళ ప్రాయంలో ఆయన మొదటిసారి చూసిన హైదరాబాదు జట్టుకు నాయకుడు జయసింహ. కాలరు పైకెత్తి, మెడకు రుమాలు చుట్టి, పెళ్ళి ఊరేగింపుకు వచ్చినట్టు మైదానంలోకి నడిచే మనిషి. ఆయన నాయకత్వం కింద పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, అబిద్ అలీ ఆడేవారు. 1971లో వెస్టిండీస్ వెళ్ళిన భారత జట్టులో ఐదుగురు హైదరాబాదువారు: జయసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, కృష్ణమూర్తి, గోవిందరాజ్. అంతటి జట్టు ఒక్కసారైనా రంజీ గెలవలేదు. 1958-59 నుండి వరుసగా 15 సంవత్సరాలు బొంబాయి ఆ ట్రోఫీని వదలలేదన్నది చరిత్రకారుడు చెప్పే కారణం. అభిమానికి కారణాలు అక్కర్లేదు. అంత అందంగా ఆడేవారు అంత తేలికగా ఎలా ఓడిపోయేవారన్నది ఆయనకు యాభయ్యేళ్ళుగా తెగని చిక్కు. ఉర్దూ కవిసమ్మేళనాల్లో వాహ్వా అందుకున్నట్టు ఆడారేగాని గుమాస్తాలాగా కూర్చుని లెక్క పూర్తిచేయలేదని ఆయన ఆరోపణ. ఇందులో కొంత ఈర్ష్య ఉండవచ్చు.

పుస్తకాలు మొదలైన 1978లోనే ఆయనకు ఫిట్టరు సాబు పరిచయమయ్యారు. సికింద్రాబాదు జింఖానా మైదానంలో చెట్టునీడ ఉన్న బెంచీకోసం ఇద్దరూ ఒకేసారి నడిచారు, ఇద్దరూ కూర్చున్నారు. ఒకరు ఖజానా శాఖ గుమాస్తా, ఒకరు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నాటి నుండి వారు ఒకరికొకరు 'ఖజానా సాబ్', 'ఫిట్టర్ సాబ్'. అసలు పేర్లు తెలియవని కాదు, వాడుకలో లేవు. ఈయన డబ్బాలో పులిహోర తెచ్చేవారు. ఆయన ప్లాస్కులో చాయి, కాగితం పొట్లంలో ఉస్మానియా బిస్కత్తులు తెచ్చేవారు. జింఖానా నుండి లాల్‌బహదూర్ స్టేడియానికి, అక్కడినుండి ఉప్పలుకు ఆటలు మారినప్పుడు బెంచీ కూడా మారింది. ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరు అన్నది మాత్రం మారలేదు. నలభై నాలుగేళ్ళలో ఒకరి ఇంటికి మరొకరు వెళ్ళలేదు. మైదానం ఉండగా ఇల్లెందుకు?

ఆ బెంచీ చూసిన ఘనకార్యం ఒకటి చెప్పక తప్పదు. 1994 జనవరిలో జింఖానా మైదానంలో ఆంధ్ర జట్టు మీద హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ అజేయంగా 207. రంజీ ట్రోఫీలో అంతకు మించిన స్కోరు నేటికీ లేదు. ఖజానా ఉద్యోగి వరుసగా క్యాజువల్ లీవు పెట్టి చూశారు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన గుంటూరు బావమరిది ఆ లెక్క విని, "బావగారూ, ఇది ఆటా, పగా? మావాళ్ళు ఏం పాపం చేశారండీ?" అన్నాడు. ఆ ఏడాది పండుగకు బావగారి ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగుకు వడ్డీతో సహా చెల్లింపు 2010లో జరిగింది. ఆ సంవత్సరం జూన్ నెలాఖరున ఆయన పదవీ విరమణ చేశారు. ఇకమీదట ఏ ఆటకూ సెలవు అడుక్కోనక్కరలేదని సంబరపడి, కొత్త పుస్తకం కొని, గీతలు గీసి సిద్ధంగా ఉంచుకున్నారు. నవంబరులో జైపూరులో తొలి ఆట. రాజస్థాన్ తరఫున మొదటిసారి బరిలో దిగిన దీపక్ చాహర్ అనే కుర్రవాడు 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. హైదరాబాదు మొత్తం 21 పరుగులకు కుప్పకూలింది. రంజీ ట్రోఫీ చరిత్రలో అంత తక్కువ స్కోరు మరొకటి లేదు. రాజస్థాన్ 403 పరుగులు చేయగా, రెండవసారి హైదరాబాదు చేసినవి 126. ఇన్నింగ్సు మీద 256 పరుగుల ఓటమి.

అత్యధికం 944, అత్యల్పం 21: రెండూ ఒకే జట్టువి. దేశంలో మరే జట్టు అభిమానికీ ఈ రెండింటినీ ఒకే బీరువాలో దాచుకునే భాగ్యం పట్టలేదు. ఆ రాత్రి ఆయన ఒక వినతిపత్రం ముసాయిదా రాశారు. పైన ఆఫీసు పద్ధతిలో 'విషయము: మధ్య వరుస బ్యాటింగు – నిరంతర వైఫల్యము – తగు చర్య కోరుట. సూచిక: జైపూరు, 21 పరుగులు.' అయిదు పేరాలు సాగింది. ఎవరి పేర పంపాలో తోచక పుస్తకంలోనే పెట్టారు. తరువాతి సంవత్సరాల్లో సూచికలు మారుతూ అదే ముసాయిదా మరికొన్నిసార్లు పునర్లిఖితమైంది. ఒక్కటీ తపాలా పెట్టె మొహం చూడలేదు.

ఈ పూర్వరంగంతో 2022 డిసెంబరు 13న ఉప్పల్‌లో ఆ దుర్భర సీజను మొదలయింది. ఉదయం ఖజానా ఉద్యోగి సికింద్రాబాదు ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ దాటి, స్టేడియం స్టేషనులో దిగారు. ఫిట్టరు సాబు అప్పటికే వచ్చి ఉన్నారు.

తొలి ఆట తమిళనాడుతో. హైదరాబాదు 395 పరుగులు చేసినప్పుడు మనసు కుదుటపడింది. తమిళనాడు 4 వికెట్లకే 510 చేసినప్పుడు మళ్ళీ చెదిరింది. చివరి రోజు సాయంత్రం తమిళనాడుకు 11 ఓవర్లలో 144 పరుగులు కావాలి. సామాన్యంగా అది ఎవరూ ప్రయత్నించని పని. వారు ప్రయత్నించారు. 7 ఓవర్లకే ఒక్క వికెట్టు నష్టపోయి 108 చేశారు. అంతలో వెలుతురు చాలదని అంపైర్లు ఆట నిలిపారు. మిగిలిన నాలుగు ఓవర్లు జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి క్రికెట్ పాండిత్యం అక్కర్లేదు. ఫిట్టరు సాబు ప్లాస్కు మూత బిగిస్తూ, "చీకటే మనకు పన్నెండో ప్లేయరు సాబ్. ఇయ్యాల బాగ ఆడిండు," అన్నారు. ఆ సీజనులోని ఒకే ఒక్క పాయింటు ఆ చీకటి ఇచ్చినదే.

తరువాత ముంబయిలో. ముంబయి 6 వికెట్లకు 651. రహానే ద్విశతకం, జైస్వాల్, సర్ఫరాజ్ శతకాలు. హైదరాబాదు 214, 220. ఇన్నింగ్సు మీద 217 పరుగుల తేడా. ఇటువంటి ఓటమి పెద్దగా బాధించదని ఆయన అంటారు. ఏనుగు తొక్కితే ఎవరితో మొరపెట్టుకుంటాం?

బాధించింది అస్సాం. డిసెంబరు ఆఖరివారంలో ఉప్పల్‌లో జరిగిన ఆ ఆటను ఆయన నాలుగు పుటల్లో రాశారు, మిగిలినవాటికి ఒక్కొక్కటే. అస్సాం తొలి ఇన్నింగ్సు 205, హైదరాబాదు 208. మూడే పరుగుల ఆధిక్యమైనా అది ఆధిక్యమే. అస్సాం రెండవసారి ఆడుతుండగా రియాన్ పరాగ్ అనే యువకుడు 28 బంతులలో 78 పరుగులు బాదాడు. ఆ 28 బంతులనూ ఆయన విడివిడిగా, బంతికొక గడిలో, ఎక్కించారు. హైదరాబాదు గెలవడానికి 250 కావాలి. సొంత మైదానం, వ్యవధి చాలినంత. అటువంటి లెక్కను బళ్ళో పిల్లవాడు కూడా పూర్తిచేస్తాడని ఆయన అనుకున్నారు. జట్టు దగ్గరిదాకా వెళ్ళింది. అదే దాని పాత జబ్బు; దూరంగా ఓడిపోతే మనిషి లేచి ఇంటికి వెళ్ళిపోతాడు, దగ్గరగా ఓడిపోతే చివరి బంతిదాకా కూర్చుంటాడు. 231 వద్ద చివరి వికెట్టు పడింది. 18 పరుగులు.

అస్సాం ఆటగాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. ఖజానా ఉద్యోగి కలం మూసి, పక్కకు తిరిగి, "ఆ షాటు అవసరమా చెప్పండి?" అన్నారు. జవాబు రాలేదు. ఫిట్టరు సాబు మైదానం వైపే చూస్తూ కాసేపు కూర్చున్నారు. తరువాత మెల్లగా లేచి, మెట్ల కమ్మీ పట్టుకుని, "బస్ సాబ్. ఇగ నా డ్యూటీ అయిపోయింది. ఈ టీంకోసం నేను మళ్ళ రాను," అన్నారు. కోపంలో అన్న మాటగా తోచింది. నలభై నాలుగేళ్ళలో ఇద్దరూ అటువంటి శపథాలు చాలా చేసినవారే. 1999-2000 తరువాత ఖజానా ఉద్యోగి స్వయంగా పుస్తకాన్ని బావిలో వేస్తానన్నారు.

ఫిట్టరు సాబు నిజంగానే రాలేదు.

మిగిలిన ఆటలు త్వరగానే ముగిశాయి. వాటిని వర్ణించడంలో ప్రయోజనం లేదు. ఆంధ్ర చేతిలో ఓడిన రాత్రి గుంటూరు నుండి ఫోను వచ్చింది. "బావగారూ, మా 944 అప్పు తీరినట్టేనా?" బావమరిదికీ డెబ్బై దగ్గరపడుతున్నాయి, మరపు మాత్రం రాలేదు. ఆంధ్ర ఆ సంవత్సరం క్వార్టర్ ఫైనలుకు చేరింది. అక్కడ మణికట్టు విరిగిన హనుమ విహారి ఎడమచేతివాటంగా నిలబడి ఆడిన దృశ్యాన్ని దేశమంతా కొనియాడింది. ఖజానా ఉద్యోగి కూడా టీవీ ముందు లేచి నిలబడ్డారు. మరుక్షణమే ఆ కుర్రవాడు ఒకనాడు హైదరాబాదుకు ఆడినవాడన్న సంగతి గుర్తొచ్చి కూర్చున్నారు. అంబటి రాయుడూ అంతే, వచ్చాడు, వెళ్ళాడు. పంట ఇక్కడ పండి మరొక ఊరి గాదె నిండటం ఆయనకు మింగుడుపడని మరో పద్దు.

తప్పు ఎవరిది? ఈ ప్రశ్నకు ఆయన దగ్గర వారానికొక జవాబు ఉండేది. ఎంపికదారులు, పిచ్చి, శిక్షకులు, చిన్న క్లబ్బుల క్షీణత, తల్లిదండ్రుల తొందర. క్రికెట్ సంఘం తగాదాలు న్యాయస్థానాలకెక్కి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సంఘం కార్యవర్గాన్ని తొలగించి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావుకు బాధ్యత అప్పగించినప్పుడు, ఆయన ఆ తీర్పు వార్తను కత్తిరించి పుస్తకంలో అంటించారు. ముప్ఫై రెండేళ్ళు ఖజానాలో పనిచేసిన మనిషికి ఒక సంగతి తెలుసు: పద్దులు సరిగాలేని చోట బిల్లు పాసు కాదు. కాని ఆ న్యాయం బౌలరు చేతిలోని బంతికి ఎంతవరకు వర్తిస్తుందో ఆయనే చెప్పలేరు. 1971 నాటి ఐదుగురిని తయారుచేసిన రోజుల్లో పద్దులు సక్రమంగానే ఉండేవా?

ఫిట్టరు సాబుకు ఫోను చేశారు. 'ఫిట్టర్ సాబ్ – స్టేడియం' అని మనుమడు భద్రపరిచి ఇచ్చిన నంబరు అది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు మోగడం కూడా మానింది. అలిగారనుకున్నారు. అలుక తనమీద కాదు గదా, జట్టుమీద, అనుకున్నారు. జట్టుమీది కోపం మనుషులమీదికి ఎందుకు మళ్ళిందన్న కినుక ఆయనకూ కలిగింది. అలా ఒక సంవత్సరం గడిచింది.

2023-24లో హైదరాబాదు ప్లేట్ శ్రేణిలో ఆడింది. ఆ శ్రేణి ఆయనకు పూర్తిగా కొత్త కాదు. 2010లో ఆ 21 పరుగుల అవమానం కూడా ప్లేట్ శ్రేణిలో జరిగినదే. ఓడించిన రాజస్థాన్ ఆ సంవత్సరం ఏకంగా ట్రోఫీ గెలుచుకుపోయింది. ఈసారి ప్రత్యర్థులు అరుణాచల్, నాగాలాండ్, మేఘాలయ, మిజోరం, సిక్కిం. 2018-19లో రంజీలో ప్రవేశించిన ఈశాన్య రాష్ట్రాల జట్లు. గెలుపుమీద గెలుపు వచ్చింది. నల్ల సిరా సీసా అడుగంటింది. ఆయన మాత్రం ఆ పుటలను కుదురుగా నింపలేకపోయారు. నిన్నగాక మొన్న బరిలో దిగిన పిల్లలను ఓడించి సంబరపడటం తొంభయ్యేళ్ళ జట్టుకు తగునా అన్నది ఒక బాధ. ఓడిపోతే ఇంకెంత బాధ అన్నది మరొకటి. అటువంటి గెలుపులో భయం పోతుందేగాని సంతోషం రాదు.

2024 జనవరి 26న, గణతంత్ర దినోత్సవం నాడు, అరుణాచల్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతులలో మూడువందలు పూర్తిచేశాడు. ప్రపంచంలో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా త్రిశతకం చేసినవారు లేరు. ఆ సాయంత్రానికి జట్టు స్కోరు ఒక వికెట్టుకు 529. మర్నాడు ఉదయం అతను అవుటయినప్పుడు స్కోరుబోర్డు మీద అంకె 366.

ఖజానా ఉద్యోగి ఆ అంకెను చాలాసేపు చూశారు. ఇంటికి వచ్చి బీరువా ముందు చతికిలబడి 1994 పుస్తకం తీశారు. శ్రీధర్ 366. ముప్ఫై ఏళ్ళ ఎడంతో, ఒకే నెలలో, ఒకే జట్టుకు, ఒకే అంకె. శ్రీధర్ 2017లో కన్నుమూశారు. ఈ సంగతి చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. భార్యకు చెబితే "మంచిదే కదండీ" అన్నారు. మనుమడు "366 ఏ టీం మీద?" అని అడిగి, జవాబు విని, తిరిగి ఫోనులో మునిగాడు. వాడి తప్పేమీ లేదు. ఆ అంకె విని ఉలిక్కిపడాలంటే జింఖానా మైదానంలో చెట్టునీడన ఆ జనవరి ఎండలో కూర్చుని ఉండాలి. అలా కూర్చున్నవారిలో ఆయనకు తెలిసినవారు మరొక్కరే.

ఫిబ్రవరిలో మేఘాలయ మీద ఫైనలు గెలిచి హైదరాబాదు మళ్ళీ ఎలైట్ శ్రేణికి అర్హత పొందింది. ఆ మర్నాడు ఆయన రెండు పుస్తకాలు సంచీలో వేసుకుని మెట్టుగూడలో మెట్రో దిగారు. మెట్టుగూడ ప్రాంతమని ఎప్పుడో ఫిట్టరు సాబు నోట విన్న గుర్తు తప్ప ఆయన దగ్గర మరే ఆధారమూ లేదు. చాయి దుకాణం దగ్గర పింఛనుదారులైన రైల్వేవారు నలుగురు కూర్చుని ఉంటే వర్క్‌షాపు ఫిట్టరు గురించి అడిగారు. "పేరు?" అన్నారు వారు. ఆ పేరు నోట పలకడానికి ఆయనకు ఒక క్షణం పట్టింది. వారిలో ఒకరు లేచి వెంట వచ్చి, మెట్రో వంతెన పక్క గల్లీలో ఒక మేడమెట్లు చూపించారు. రోజూ ఆటకు వెళ్ళేటప్పుడు రైలు ఆ ఇంటి పైకప్పు అంచునుండే వెళ్ళేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఫిట్టరు సాబు కిటికీ పక్క మంచంమీద కూర్చుని ఉన్నారు. అడుగుల చప్పుడు విని, "ఎవరు?" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ మనిషి అయిదడుగుల దూరంలో ఉన్నారు.

ఖజానా ఉద్యోగికి నోట మాట రాలేదు. కోడలు వచ్చి కుర్చీ వేసి చెప్పింది: "కూర్చోండి అంకుల్. చక్కెర జబ్బు కండ్లకొచ్చింది. రెండేండ్లసంది తక్కువైతనే ఉన్నది. ఇప్పుడు వెలుగు నీడ తెలుస్తయి, అంతే."

"ఖజానా సాబా?" అన్నారు ఫిట్టరు సాబు, ముఖం గుమ్మంవైపు తిప్పి. "పులిహోర తెచ్చిన్రా?"

తేలేదు. ఆ మాట చెప్పి, కుర్చీ దగ్గరగా జరుపుకుని, ఇన్నాళ్ళు ఫోను ఎందుకు ఎత్తలేదని అడిగారు. ఫోను పాడైందట. బాగుచేయించలేదట. ఆ మాటల్లో పస లేదని ఇద్దరికీ తెలుసు. కోడలు చాయి తేవడానికి లోపలికి వెళ్ళిన తరువాత ఫిట్టరు సాబు గొంతు తగ్గించారు.

"సాబ్, ఆ అస్సాం మ్యాచ్‌ల ఆఖరి వికెట్ నేను చూడలే. మొత్తం తెల్లగ కనబడ్డది. వాళ్ళు ఒర్రిన్రు గద, అప్పుడు సమజైంది ఓడినమని. మీరు షాట్ గురించి అడిగిన్రు. ఏం షాటో నాకేం ఎరుక? కోపమొచ్చినట్టు చేసి లేచొచ్చిన."

కిటికీ అవతల మెట్రో రైలు ఒకటి నాగోలువైపు వెళ్ళింది. దాని నీడ గదిలో గోడమీద కదిలి పోయింది.

ఖజానా ఉద్యోగి సంచీలోనుండి పుస్తకం తీశారు. ముందుగా తన్మయ్ ఆట చదువుదామని అనుకుని వచ్చారు. 181 బంతులు, 34 ఫోర్లు, 26 సిక్సర్లు, 366. "శ్రీధర్ కొట్టినన్నే సాబ్," అని మొదలుపెట్టారు. ఫిట్టరు సాబు చేయి అడ్డంపెట్టి ఆపారు.

"అరుణాచల్ బౌలింగ్ మీద గద? అది తర్వాత జూద్దాం. రెండో పుస్తకం తెచ్చినట్టున్రు, సంచి బరువుగ ఉన్నది. అస్సాం మ్యాచ్ తియ్యి. అంతా వద్దు, 200 కాడికెళ్ళి చదువు. ఒక్క బంతి వదలొద్దు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర సిరా పుట తెరిచారు.